దాపటి తుపాకి

అన్నం కుడిచేత్తో తింటాను. పెన్ను కుడిచేత్తో పట్టుకుంటాను. బంతి మాత్రం ఎడమచేత్తో విసురుతాను, మేకు ఎడమచేత్తో కొడతాను, దోసె ఎడమచేత్తో తిరగేస్తాను. మొదటి రెండూ నా వాటం కాదు. ఒకటి మా నాయనమ్మ దెబ్బల పుణ్యం, రెండోది మా ఒకటో తరగతి మాస్టారి చెక్క స్కేలు పుణ్యం. వాళ్ళిద్దరి చేతికీ అందనివన్నీ పుర్రచేతివాటంగానే మిగిలిపోయాయి. నలభై దాటాక ఒకరోజు డాలస్‌లో ఒక పెద్దాయన నా చేతిలో ఖాళీ తుపాకి పెట్టి, ఎత్తి భుజానికి ఆనించమన్నాడు. అది తిన్నగా వెళ్ళి ఎడమ భుజం మీద కూర్చుంది. నేనేమీ ఆలోచించలేదు.

ఆ భుజానికి సరిపడే సెమీ ఆటోమేటిక్ షాట్‌గన్ వెతకడానికి నాకు ఏడాది పట్టింది. ఇక్కడ మనవాళ్ళలో ఆదివారం పూట క్లే షూటింగ్‌కి, అంటే గాల్లోకి విసిరిన పలకల్ని తుపాకితో కొట్టే ఆటకి, వెళ్ళేవాళ్ళు ఉన్నారు, వాళ్ళలో పుర్రచేతివాళ్ళూ ఉండకపోరు. వాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను. కుడిచేతివాటం వాళ్ళూ చదవచ్చు. మీ పక్కన నిలబడి కాల్చేది నాలాంటివాడైతే ఏమవుతుందో చివర్లో చెప్తాను.

నేను 2009లో హెచ్-1బీ మీద వచ్చాను. ఒకసారి మా టీమ్ అంతా క్లే షూటింగ్‌కి వెళ్ళింది. వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకి గానీ తూటాలు గానీ దగ్గర పెట్టుకోకూడదని ఫెడరల్ చట్టం. అద్దెకి తీసుకుని పేల్చినా చేతిలో ఉన్నట్టే లెక్క. వేట లైసెన్సు ఉన్నవాళ్ళకి మినహాయింపు ఉంది గానీ, గ్రీన్ కార్డు క్యూలో నిలబడ్డవాడు మినహాయింపుల జోలికి పోతాడా? అందరూ పేలుస్తుంటే నేను క్లిప్‌బోర్డు పట్టుకుని స్కోరు రాశాను. పగిలితే అడ్డగీత, తప్పితే సున్నా. ఆ సున్నాలు రాస్తూ రాస్తూనే దీని మీద మనసు పడిందనుకుంటా. 2022లో కార్డు వచ్చింది. చాలామంది ఆ ఆనందంలో ఇండియా టికెట్ కొంటారు. నేను అదీ కొన్నాను, ఆ తర్వాతి నెల షూటింగ్ పాఠానికి పేరూ ఇచ్చాను.

ఫోన్‌లో అమ్మకి చెప్పాను.

"తుపాకా? అక్కడ కూడా పందులొస్తున్నాయంట్రా?" అంది. మాది వినుకొండ వైపు ఊరు. అడవిపందులు మినుము చేలో పడి తొక్కేయడం తప్ప తుపాకితో పనేముంటుందని ఆవిడ లెక్క.

"పందులు కాదమ్మా. మట్టి పలకల్ని గాల్లోకి విసురుతారు, వాటిని కొట్టాలి."

"కొడితే డబ్బులిస్తారా?"

"లేదు, నేనే ఇవ్వాలి."

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "కోడలికి తెలుసా?" అంది.

మట్టి పలకలని అమ్మకి చెప్పాను గానీ అందులో మట్టి ఉండదు. సున్నపురాయి పొడీ, పిచ్ అనే తారు లాంటి పదార్థమూ కలిపి అచ్చు పోస్తారు. బోర్లించిన చిన్న మూకుడులా ఉంటుంది. అమెరికన్ ఆటల్లో వాడేది 108 మిల్లీమీటర్లు, ఒలింపిక్స్‌లో వాడేది 110. ఇక్కడివాళ్ళు దాన్ని పిట్ట అంటారు, నేనూ అదే అంటాను. ట్రాప్‌లో పిట్ట మన ముందునుంచి దూరంగా పోతుంది. స్కీట్‌లో రెండు గూళ్ళలోంచి ఎదురెదురుగా వచ్చి అడ్డంగా దాటుతుంది. స్పోర్టింగ్ క్లేస్‌లో గోల్ఫ్ లాగా ఒక్కో చోటికి నడుచుకుంటూ పోతే, ఒక్కో చోట ఒక్కో తీరుగా వస్తుంది: ఒకటి కుందేలులా నేలమీద దొర్లుతుంది, ఇంకొకటి చెట్లమీదనుంచి వచ్చి పడుతుంది. మన హైదరాబాదీ కైనన్ చెనాయ్ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో టీమ్ స్వర్ణం, సొంతంగా కాంస్యం తెచ్చింది ట్రాప్‌లోనే. 2023లో, తెల్లవారుజామున లేచి ఫోన్‌లో స్కోర్లు చూశాను. అప్పటికి నా సొంత రికార్డు యాభైకి పదిహేడు.

ఆ పదిహేడు సంగతికి వస్తాను.

మొదటి పాఠంలో ఆ పెద్దాయన ఏ కంపెనీ తుపాకి మంచిదో చెప్తాడనుకున్నాను. ఆయన నా రెండు చేతులూ ముందుకు చాపించి, అరచేతుల మధ్య చిన్న త్రికోణం లాంటి సందు పెట్టించి, అందులోంచి తన ముక్కు చూడమన్నాడు. చూశాను. ఇప్పుడు కుడికన్ను మూయమన్నాడు. ముక్కు కనిపిస్తూనే ఉంది. ఎడమకన్ను మూయమన్నాడు. ముక్కు పోయి నా బొటనవేలు కనిపించింది. "నీది ఎడమకన్ను. బతికిపోయావ్" అన్నాడు. షాట్‌గన్‌కి రైఫిల్ లాగా వెనక గురి ఉండదు, మన కన్నే వెనక గురి. రెండు కళ్ళూ తెరిచి పిట్టనే చూస్తాం. పెత్తనం ఏ కంటిదో ఆ కంటి కిందికి తుపాకి రావాలి. చెయ్యి ఒక పక్కదీ, కన్ను ఇంకో పక్కదీ అయితే కష్టం. అప్పుడు చాలామంది కన్ను ఉన్న భుజానికే మారతారు. మారలేనివాళ్ళు కళ్ళద్దం మీద, పెత్తనం చేసే కంటి ఎదుట చిన్న టేపు ముక్క అంటిస్తారు. అర్వింగ్‌లో ఉండే మా ఫ్రెండు ఒకడు క్రికెట్‌లో పూర్తి లెఫ్టీ, తుపాకి మాత్రం కుడిభుజం మీదే పెడతాడు. వాడి కన్ను కుడిది. కాబట్టి ఏ తుపాకి కొనాలా అని వెతకడానికి ముందు ఇంట్లోనే, ఉచితంగా, గోడ గడియారం వైపు త్రికోణం పెట్టి చూసుకోండి. మనలో చిన్నప్పుడు చెయ్యి మార్పించిన వాళ్ళు ఎక్కువ. ఏ చేత్తో రాస్తున్నామన్నది సాక్ష్యంగా పనికిరాదు.

కొన్ని నెలల పాటు ఖమ్మం అన్న తుపాకితో కాల్చాను. ఆయన నాకంటే ఆరేళ్ళు పెద్ద, నాకంటే చాలా ముందు వచ్చినవాడు, గ్యారేజీలో ఒక పక్క బియ్యం బస్తాలూ ఇంకో పక్క తూటాల పెట్టెలూ సమానంగా పేర్చుకునే మనిషి. ఆయనది కుడిచేతి సెమీ ఆటో, గ్యాస్‌తో నడిచేది. పేలినప్పుడు పుట్టే వాయువులో కొంత గొట్టానికున్న చిన్న రంధ్రాల్లోంచి కిందికి వచ్చి పిస్టన్‌ని నెడుతుంది. అది తూటా వెనక మూతలా ఉండే బోల్టుని వెనక్కి తోస్తే ఖాళీ తూటా బయటికి ఎగిరిపోతుంది, కొత్తది ఎక్కుతుంది. ఈ పనంతా చేయడంలో భుజానికి తగిలే తన్ను కాస్త మెత్తబడుతుంది. అదొక్కటే చాలు నాకు. పదిహేనేళ్ళ కీబోర్డు నా భుజాన్ని ఎలా చేసిందో మా ఫిజియోథెరపిస్టుని అడగండి.

ఆ తుపాకితో నాకు ఒక చిత్రం జరిగేది. ఎడమనుంచి కుడికి పోయే పిట్టలు పగిలేవి. కుడినుంచి ఎడమకి వచ్చేవి పగిలేవి కావు. మెళకువ తెలియకే అనుకుని, ఎడమకి పోయే పిట్టకి మరీ ముందుకి, ఇంకా ముందుకి కాల్చడం మొదలుపెట్టాను. అన్న వెనక నిలబడి "తమ్ముడూ, నువ్వు దానికంటే ముందు ఇంటికి పోతావేమో" అనేవాడు.

చివరికి ఆ పెద్దాయనే పట్టుకున్నాడు. ఒక పెద్ద కాగితం కట్టి, పదహారు గజాల దూరంనుంచి మధ్య చుక్కని చూసి గబుక్కున ఎత్తి కాల్చమన్నాడు, గురి చూడకుండా. ఐదుసార్లు కాల్చాను. తూటాలోంచి చెదిరి వచ్చే రవ్వల గుంపంతా చుక్కకి కుడివైపు పడింది, దాదాపు నాలుగంగుళాలు.

కారణం తుపాకి మడమ దగ్గర ఉంది. షాట్‌గన్ స్టాకు, అంటే భుజానికి ఆనే వెనక భాగం, తిన్నగా ఉండదు. వెనకనుంచి చూస్తే దాని చివరనున్న మడమ కొద్ది మిల్లీమీటర్లు కుడికి వంగి ఉంటుంది, కుడిచేతివాడి కన్ను సరిగ్గా గొట్టం మీదికి రావడానికి. ఎడమ భుజం మీద పెట్టుకున్నవాడి తల తుపాకికి కుడిపక్కన ఉంటుంది కదా. ఆ వంపు అతని కన్నుని ఇంకా కుడికి నెడుతుంది. వెనక గురిని కుడికి జరిపితే దెబ్బ కుడికే పోతుంది. లెక్క కూడా సులువు. కన్నునుంచి గొట్టం చివరికి రమారమి గజం దూరం, కాగితం పదహారు గజాలు. అంటే కన్ను అంగుళంలో పదహారో వంతు పక్కకి జరిగితే కాగితం మీద అంగుళం తేడా వస్తుంది. నా కన్ను పావు అంగుళం పక్కకి ఉంది. అందుకే కుడికి పోయే పిట్ట నా తప్పులోకి తానే వచ్చి పడేది, ఎడమకి పోయేదానికి నేను ఎప్పుడూ వెనకే.

ఇప్పటి సెమీ ఆటోల్లో చాలావాటికి ఆ వంపు మార్చుకోవడానికి పలచని బిళ్ళలు ఇస్తారు, షిమ్ములంటారు. స్టాకూ, బోల్టు కదిలే లోహపు భాగమైన రిసీవరూ కలిసేచోట పెడతారు. అన్న పెట్టెలో అవి సీలు కూడా విప్పకుండా ఉన్నాయి. వాటి మీద డీఎక్స్, ఎస్ఎక్స్ అని అచ్చు. ఎస్ఎక్స్ అంటే సైజేమో అనుకున్నాం. ఇటాలియన్లో డెస్ట్రా అంటే కుడి, సినిస్ట్రా అంటే ఎడమ, వాటి పొట్టి అక్షరాలవి. అన్న గ్యారేజీలో, బియ్యం బస్తా మీద తుపాకి ఆనించి, వెనక రబ్బరు ప్యాడ్ ఊడదీసి, స్టాకుని బిగించే లోపలి మర తిప్పి, డీఎక్స్ తీసి ఎస్ఎక్స్ పెట్టాం. ఇరవై నిమిషాల పని. అందులో పది నిమిషాలు జారిపోయిన వాషర్ కోసం వెతకడానికే పోయాయి.

ఆ వారం స్కోరు యాభైకి ఇరవై ఆరు.

అది పెద్ద విషయమని అప్పుడు తెలియలేదు. ఇప్పుడు చెప్తున్నాను: పదిహేడునుంచి ఇరవై ఆరుకి తెచ్చింది ఎడమచేతి తుపాకి కాదు, వేలెడంత ప్లాస్టిక్ బిళ్ళ. మీ దగ్గర ఇప్పటికే కుడిచేతి తుపాకి ఉండి డబ్బు ఆదా చేసుకోవాలనుకుంటే ఇక్కడే ఆగిపోవచ్చు. సేఫ్టీ మీటని కూడా చాలా తుపాకుల్లో ఎడమచేతికి తిప్పించుకోవచ్చు. మాస్‌బర్గ్ 940 లాంటివాటిలో అయితే ఆ మీట నడినెత్తిన ఉంటుంది, ఏ బొటనవేలికైనా ఒకటే. ఒక్క జాగ్రత్త. స్పోర్టింగ్ మోడళ్ళలో కొన్నింటికి పిడి దగ్గర కుడి అరచేయి నిండేలా ఉబ్బు పెడతారు. ఎడమచేతికి ఆ ఉబ్బు వేళ్ళ కిందికి వచ్చి గుచ్చుతుంది. దానికి బిళ్ళ లేదు, స్టాకే మార్చాలి.

నేనెందుకు ఆగలేదంటారా? రెండో పిట్ట.

స్పోర్టింగ్‌లో పిట్టలు జంటగా వస్తాయి. కుడిచేతి తుపాకిలో ఖాళీ తూటా కుడికి ఎగురుతుంది, నా తల ఉన్నదీ ఆ పక్కనే. తూటా ముఖానికి తగలదు, ముందుకీ పక్కకీ పోతుంది. కానీ మొదటి పిట్ట పగిలిన క్షణంలోనే, రెండోదానికోసం చూపు తిప్పుతుంటే, కుడికంటి ముందునుంచి ఎర్రటి ప్లాస్టిక్ గొట్టం ఒకటి ఎగిరిపోతుంది. కన్ను కదిలేదాన్ని పట్టుకోవడానికే పుట్టింది. నా కన్ను ఆ గొట్టాన్ని పట్టుకునేది. రోజు చివర్లో కళ్ళద్దాల కుడిగాజు మీద సన్నటి నల్లటి మచ్చలుండేవి, పెదవి మీద మందు వాసన. కళ్ళద్దాలు లేకుండా రేంజిలోకి ఎవరినీ రానివ్వరు, దానికి నేను దణ్ణం పెట్టుకున్న రోజులున్నాయి. కొంతమంది లెఫ్టీలు జీవితమంతా ఇలాగే కాల్చి నాకంటే బాగా కొడతారు, నాకది అసలు కనిపించదు అంటారు. నాకు కనిపించింది.

ఓవర్ అండర్ కొనమని సగం మంది సలహా. గొట్టం మీద గొట్టం ఉన్న ఆ తుపాకి మధ్యకి విరుగుతుంది, తూటా వెనక్కి వస్తుంది, కుడిఎడమల గొడవే లేదు. పైనున్న మీట మాత్రం కుడి బొటనవేలికి తగ్గట్టు కుడికి తిరుగుతుంది, దానికి అలవాటు పడొచ్చు. స్టాకు వంపు సంగతి ఇందులోనూ ఉంది. విరిచి చేతిమీద వేసుకుని నడిస్తే చూసేవాళ్ళకి భయం ఉండదు. సెమీ ఆటో అయితే బోల్టు తెరిచి ఉందా లేదా అని ప్రతివాడూ వంగి చూస్తాడు. అన్నీ నిజమే. కానీ తన్నులో ఒక్క పిసరు కూడా తగ్గించే యంత్రం అందులో లేదు. నూరు తూటాల రోజు తర్వాత సోమవారం పొద్దున చొక్కా తొడుక్కోవాల్సింది నేను.

అయితే సెమీ ఆటోలోనే, ఎడమకి తూటా పారేసేది కావాలి. తిన్నగా ఎడమచేతికే అద్దంలో బొమ్మలా తిప్పి చేసినవి ఎన్ని ఉన్నాయో చూస్తే, చాలా తక్కువ. 1963లో వచ్చిన రెమింగ్టన్ 1100కి ఎడమచేతి రకం కూడా చేసేవాళ్ళు. పాతవి ఇప్పటికీ సెకండ్‌హ్యాండ్‌లో తగులుతాయి. బరువుగా, మెత్తగా ఉంటాయి, ఒక రబ్బరు ఓ-రింగు అదనంగా సంచిలో వేసుకోవాలి. బెనెల్లీలో మాంటెఫెల్ట్రో, సూపర్ బ్లాక్ ఈగిల్ 3 ఎడమచేతివి ఉన్నాయి. వించెస్టర్ ఎస్ఎక్స్4లో ఉన్నాయి గానీ అవి ఎక్కువగా బాతుల వేటకి ముస్తాబైనవి. ఫాబార్మ్ ఎల్4ఎస్‌లో, బెరెట్టా ఏ400లో క్లే కోసమే చేసినవి దొరుకుతాయి. ఇంకొన్ని ఉన్నాయి గానీ, నేను చూసుకున్నవి ఇవే. కుడిచేతివాడికి ఇదే దుకాణంలో గోడంతా ఎంపికే.

బెనెల్లీలది గ్యాస్ కాదు, ఇనర్షియా. తుపాకి వెనక్కి తన్నేటప్పుడు బరువైన బోల్టు ఉన్నచోటే ఉండాలని చూస్తుంది. మధ్యలో స్ప్రింగు నొక్కుకుపోయి, అది విడిచినప్పుడు బోల్టు వెనక్కి పోతుంది. బస్సు హఠాత్తుగా కదిలితే నిలబడ్డవాడు వెనక్కి తూలినట్టు. మసి అంతగా పట్టదు, శుభ్రం చేయడం తేలిక. రేంజిలో ఒక ముసలాయన తన ఎడమచేతి మాంటెఫెల్ట్రో ఇచ్చి చూడమన్నాడు. చేతిలో పువ్వులా ఉంది, ఏడు పౌన్ల దగ్గర. పొలాల్లో రోజంతా ఎత్తుకు తిరగడానికి అంతకంటే మంచిది ఉండదేమో. కానీ తుపాకి ఎంత తేలికైతే తన్ను అంత గట్టిది. ఇరవై ఐదు తూటాలయ్యాక తిరిగి ఇచ్చేశాను. తేలిక తుపాకికి ఇంకో చిక్కు ఉంది. అడ్డంగా పోయే పిట్టకోసం ఊపుతూ ఊపుతూ మధ్యలో ఆగిపోతుంది. బరువైన ముప్పై అంగుళాల గొట్టం ఒకసారి కదిలితే దానంతట అదే పోతూ ఉంటుంది. మనం దాన్ని అనుసరిస్తే చాలు.

ఇక్కడ మా నాన్న గుర్తొచ్చాడు. మా ఇంట్లో ఒంగోలు గిత్తలుండేవి. కాడికి ఎడమపక్క కట్టేది దాపటిది, కుడిపక్కది వలపటిది. చిన్నప్పటినుంచి దాపట అలవాటైనదాన్ని సంతలో కొనేటప్పుడు అమ్మేవాడు ముందే చెప్పేవాడు, ఇది దాపటి గిత్తని. ఒకసారి వలపటిది కుంటుతుంటే నాన్న పక్కింటివాళ్ళ గిత్తని అడిగి తెచ్చాడు. అదీ దాపటిదే. బండి నడిచింది. కానీ ప్రతి మలుపులో రెండూ ఒకదాన్నొకటి నెట్టుకున్నాయి. మా మేనమామకి నాలాగే పుర్రచెయ్యి. కొడవలి కక్కులు ఒకవైపే కొడతారు, ఎడమచేత్తో కోస్తే గడ్డి జారిపోతుంది. మా ఊరి కమ్మరి ఆయనకి విడిగా పుర్రకొడవలి కొట్టి ఇచ్చేవాడు, అదనంగా ఒక్క పైసా తీసుకోకుండా. నాకు అలాంటి కమ్మరి దొరకలేదు. కాలేజీలో కుడిపక్క పలక ఉన్న కుర్చీలు, ఆఫీసులో కుడిపక్క మౌసు, ఇంట్లో కత్తెర. సర్దుకుపోయాను, సర్దుకుపోవడం నాకు బాగా వచ్చు. ఈ ఒక్కదానికి మాత్రం సర్దుకోబుద్ధి కాలేదు.

మా ఆవిడకి ఈ గిత్తల కథ చెప్పాను. "అయితే ఎంతవుతుందండీ?" అంది.

పన్నుతో కలిపి రెండు వేల డాలర్లు దాటింది. బెరెట్టా ఏ400 ఎక్సెల్, ఎడమచేతిది, ట్వెల్వ్ గేజ్ (గొట్టం లావు కొలత), ముప్పై అంగుళాల గొట్టం. గ్యాస్. మా ఆవిడ వైపునుంచి ఒక షరతు: ముందు ఇనప బీరువా, తర్వాత తుపాకి. ఇంట్లో పదకొండేళ్ళ పిల్లాడున్నాడు, న్యాయమైన షరతే. బీరువా ముందు కొన్నాను.

దుకాణంలో గోడమీద అన్నీ కుడిచేతివే, నాది ఆర్డరు పెట్టాలి. దుకాణం పేరు ఎందుకులే. ఐదు వారాల తర్వాత ఫోన్ వచ్చింది, వెళ్ళాను, పెట్టె తెరిచారు, కుడిచేతిది. కౌంటర్లో కుర్రాడు దాన్ని ఇటూ అటూ తిప్పి "ఎంత తేడా ఉంటుంది లెండి, అలవాటైపోతుంది" అన్నాడు. ఆ మాట నేను ఒకటో తరగతినుంచి వింటున్నాను. మర్యాదగానే వద్దన్నాను. ఇంకో ఏడు వారాలు పట్టింది. రెండోసారి పెట్టె తెరవగానే బోల్టు పిడి ఎడమపక్కన కనిపించింది. నేను కాసేపు ఏమీ అనకుండా చూస్తుంటే ఆ కుర్రాడు మళ్ళీ తప్పు వచ్చిందేమోనని కంగారుపడ్డాడు. తుపాకి కొనేవాళ్ళు నింపాల్సిన 4473 ఫారం నింపాను. అందులో పౌరసత్వం దగ్గర గ్రీన్ కార్డు మీది ఏలియన్ నంబరు రాయాలి. బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో నా పేరు "డిలేడ్" అని ఆగింది. మన పేర్లలో ఇంటిపేరు ముందా వెనకా అన్న గొడవ వల్లనేమోనని నా అనుమానం, వాళ్ళు కారణం చెప్పరు. రెండు రోజుల తర్వాత సరేనన్నారు.

ఇంటికి తెచ్చాక చేసిన మొదటి పని కాల్చడం కాదు. మన చేతులు పొట్టి. ఐదడుగుల ఆరంగుళాల మనిషిని నేను, ఆ స్టాకు ఆరడుగుల వాడికి కోసినట్టు ఉంది. ఎత్తేటప్పుడు మడమ చంకలో చొక్కాకి తగులుకునేది. సన్నటి రబ్బరు ప్యాడ్ వేయించి పద్నాలుగు అంగుళాల దగ్గరికి తెచ్చాను. షిమ్ములు రెండుసార్లు మార్చాను, కాగితం మీద గుంపు చుక్క మధ్యకి వచ్చేదాకా. ఎడమచేతి తుపాకి కొన్నంత మాత్రాన మన కొలత అయిపోదు. చెప్పులు ఎడమకాలివైనా నంబరు చూసుకోవాలి కదా.

మొదటి ఆదివారం ఎల్మ్ ఫోర్క్ రేంజిలో కాల్చాను. జంటల్లో రెండో పిట్ట నాకు కనిపించింది. మధ్యలో ఏదీ ఎగరలేదు, తూటా ఎడమకి ఎటో పోయింది, చప్పుడు కూడా వినపడలేదు. కళ్ళద్దాలు సాయంత్రానికి శుభ్రంగా ఉన్నాయి. స్కోరు ముప్పై ఒకటి అని రాయాలని ఉంది, నిజంగా వచ్చింది ఇరవై రెండు. ముప్పై ఒకటి రావడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. ఎందుకంటే అన్న తుపాకి నా చేతులకి కుడిచేతి పద్ధతి నేర్పేసింది. దాంట్లో ఎడమచెయ్యి పిడిని వదలకుండా కుడిచేత్తోనే తూటా వేసి, బోల్టు విడిచే మీట కూడా దాంతోనే నొక్కేవాణ్ణి. అది నాకు హాయిగానే ఉండేది, నిజం చెప్పాలంటే. కొత్తదాంట్లో మీట ఎడమపక్కకి పోయింది. నా కుడి బొటనవేలు వెళ్ళి నున్నటి లోహాన్ని నొక్కుతూ నిలబడేది. వెనక నలుగురు ఎదురుచూస్తుంటే నేను నా సొంత తుపాకిలో మీట వెతుక్కునేవాణ్ణి. అన్న ఒకసారి "ఇంతోటిదానికి రెండు వేలా?" అన్నాడు, తెలుగులోనే, గట్టిగా. పక్కవాళ్ళకి అర్థం కాలేదు కాబట్టి సరిపోయింది.

చివర్లో చెప్తానన్నది ట్రాప్ సంగతి. ట్రాప్‌లో ఐదుగురం వరసగా నిలబడతాం, మనిషికీ మనిషికీ మూడు గజాల దూరం. కుడిచేతివాడు కాల్చేటప్పుడు అతని రొమ్ము కుడివైపుకి తిరిగి ఉంటుంది, వీపు ఎడమపక్కవాడికి ఉంటుంది. మామూలు సెమీ ఆటో తూటా కుడిపక్కవాడి వీపుకి తగులుతుంది. అతను విసుక్కుని ఊరుకుంటాడు. నా తుపాకి తూటా ఎడమకి పోతుంది. నా ఎడమపక్క ఉన్నవాడు కుడిచేతివాడు, అతని ముఖం, రొమ్ము రెండూ నావైపే ఉన్నాయి. మొదటి రౌండులో నా తూటా వెళ్ళి ఒకాయన చొక్కా జేబుకి తగిలింది. రెండోది టోపీ అంచుకి. ఆయన పిట్టని పిలవడానికి తుపాకి ఎత్తి, ఆపి, దించి, నన్ను చూశాడు. పిలుపు అంటే "పుల్" అనడం. మైకు వింటుంది, పిట్టని వదులుతుంది. ఆయన "పుల్" అనలేదు, ఇంకేదో అన్నాడు. మైకు దానికీ పిట్టని వదిలింది.

ఒక్కో తూటానే వేసుకుంటాం కాబట్టి, ఖాళీది ఎగరకుండా ఆపే చిన్న క్లిప్పు ఒకటి ఉంటుంది, తూటా రంధ్రం పక్కన బిగిస్తారు. మర్నాడే దుకాణానికి ఫోన్ చేసి నా మోడల్ చెప్పాను. ఉంది, ఇవాళే పంపుతామన్నారు. ఎడమచేతిది అని గుర్తుచేశాను. అటునుంచి కీబోర్డు చప్పుడు.

ఆరు వారాలన్నారు.